ఉప్పుడబ్బా మీద ఐదు మాటలు

ఢిల్లీశ్వరరావు గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. కంటబడ్డ ప్రతిదాన్నీ ఎవరు, ఏ మాటతో వెతుకుతారో ఆలోచించి, ఆ మాటలు రాసి దానికి అంటించాలి. ఆయన పనిచేసే యూనివర్సిటీ లైబ్రరీలో దీన్ని ఉద్యోగం అంటారు. పలాసలోని ఆయన ఇంట్లో మాత్రం వేరే పేరుంది.

"సూడండి," అంటారు ఆయన భార్య గౌరీశ్వరి, వచ్చినవాళ్ళకల్లా డబ్బా చూపించి. "రుచి, సముద్రం, తెలుపు, ఊరగాయ, దిష్టి. ఉప్పుడబ్బా మీద ఐదు మాటలున్నాయి. లోపల ఉప్పు నేదు."

మందసలో మేనల్లుడి పెళ్ళికి వెళ్ళి, కానుక కవరు మీద తన పేరు మానేసి 'వాన, కరెంటు పోవడం, పనసకాయ కూర' అని రాసిచ్చారు. ఇదేటి మావా అని పెళ్ళికొడుకు తెల్లబోతే, "కొన్నేళ్ళు పోయాక నీ పెళ్ళి నీకు ఏటని గుర్తొత్తాది, నా పేరుతోనా?" అన్నారు. నిజం చెప్పొద్దూ, చుట్టాలంతా ఇప్పటికీ దాన్ని పనసకాయ కూర పెళ్ళనే అంటారు.

అలాంటి మనిషి చేతిలో పడింది సంజన. వజ్రపుకొత్తూరు దగ్గర సముద్రపు ఒడ్డు ఊరి పిల్ల. తల్లి నూకరత్నం ఇసుక మీద నెత్తళ్లు ఎండబెట్టి, టెక్కలి తీసుకెళ్ళి అమ్మి చదివించింది. ఆ ఎండుచేపల ఆడవాళ్ళ మీదే సంజన పీహెచ్‌డీ చేసింది. సోమవారం విశాఖపట్నంలో ఉద్యోగం ఇంటర్వ్యూ. అందులో చూపించాల్సిన డిగ్రీ కాగితం రావాలంటే, థీసిస్ లైబ్రరీ వెబ్‌సైటులో చేరినట్టు ఢిల్లీశ్వరరావు గారు సంతకం పెట్టాలి.

పని పెద్దదేం కాదు. థీసిస్ ఫైలు ఎక్కించి, పేరు, సారాంశం, వెతికే మాటలు నింపాలి. ఆయన సరిచూసి నొక్కితే దానికొక శాశ్వతమైన లింకు వస్తుంది. ఇక ప్రపంచంలో ఎవరైనా, ఎక్కడి నుంచైనా, ఎవరినీ బతిమాలకుండా ఉచితంగా చదువుకోవచ్చు. అన్నీ చిటికెలో చూసేసిన ఆయన వెతికే మాటల దగ్గర ఆగిపోయారు. అన్నీ ఇంగ్లీషువి, ఒక్కోటీ మూరెడు పొడుగు.

"ఇయి ఎవలు ఎతుకుతారమ్మా?"

"రీసెర్చి చేసేవాళ్ళు, సార్."

"మరి నెత్తళ్లు ఎండబెట్టినోలు?"

"వాళ్ళెందుకు వెతుకుతారు, సార్?"

"వాళ్ళ గురించి రాసి వాళ్ళకి సూపించవేటి? ఎల్లి మళ్ళీ రాసుకురా."

గురువారం 'ఎండుచేపలు' అని చేర్చి తెచ్చింది. చాల్లేదు. శుక్రవారం 'నెత్తళ్లు, ఇసుక, ఎండ' కూడా చేర్చింది. ఆయన తలూపి, "మీ అమ్మకి సదువొచ్చా?" అన్నారు.

"రాదు సార్. ఫోనులో మైకు నొక్కి మాట్లాడుతుంది."

"నంబరియ్యి."

సంజనకి ఏడుపొక్కటే తక్కువ. "నా ఉద్యోగం పోతే మీ మాటలు అన్నం పెడతాయా, సార్?"

"పెట్టవమ్మా. మా ఇంట్లో ఉప్పే పెట్టనేదు," అన్నారాయన, ఏమాత్రం నొచ్చుకోకుండా.

లైబ్రరీ మూసేముందు సంతకం పెట్టి, ఇంకో మాట తనే కలిపానన్నారు. అదేమిటని అడిగే ఓపిక కూడా లేక సంజన కాగితం లాక్కుని పరిగెత్తింది. ఇంటర్వ్యూ అయింది. దేవుడి దయవల్ల ఉద్యోగమూ వచ్చింది.

ఆ కబురుతో ఊళ్ళో దిగేసరికి, ఒడ్డున ఆడవాళ్ళంతా తల్లి చుట్టూ మూగి ఉన్నారు. నూకరత్నం ఫోను నోటి దగ్గర పెట్టుకుని, "నూకరత్నం కూతురు," అంది. తెర మీద సంజన థీసిస్ తెరుచుకుంది. మొదటి పేజీలోనే నెత్తళ్లు ఎండేస్తున్న నూకరత్నం ఫోటో.

"నీకెలా తెలిసిందే, అమ్మా?"

"మీ సారు ఫోన్ సేసినారు. నీ కూతురి పుస్తకం ఎతకాలంటే ఏటంటావమ్మా అన్నారు. నా కూతురంటాను, ఇంకేటంటాను అన్నాను. అలాగెతికితే ఊరందరి కూతుళ్ళూ వొచ్చేత్తారు, నీ పేరు కలుపు అన్నారు. లింకు కూడా ఆయనే పంపినారు."

సంజనకి ఆ పిచ్చాయన మీద ఒక్కసారిగా ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. అక్కడే ఇసుకలో కూర్చుని, రాసిందంతా వాళ్ళకి తెలుగులో చదివి చెప్పింది.

మర్నాడు పలాస బస్సెక్కి ఆయనింటికి ఒక పొట్లం తీసుకెళ్ళింది. దాని మీద ఐదు మాటలు రాసింది: నెత్తళ్లు, ఎండ, ఉప్పు, ఇసుక, నూకరత్నం కూతురు. ఢిల్లీశ్వరరావు గారు కళ్ళజోడు సర్దుకుని, బాగున్నాయన్నట్టు తలూపారు. గౌరీశ్వరి గారు నాలుగు నెత్తళ్లు వేయించి, ఒకటి నమిలి చూసి, భర్త వైపు తిరిగారు.

"సూసినారా, పైన రాసినవన్నీ లోపలున్నాయి. ఇసకతో సహా."