తనిఖీ రోజు ఒకటో తరగతి

మా మనవరాలి బడిలోకి నేను పులిలా దూకానని, నన్ను చూసి టీచరమ్మ చేతిలో సుద్దముక్క జారిపోయిందని మా వీధిలో చాలామందికి చెప్పాను. పులీ లేదు, దూకడమూ లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. సుద్దముక్క బల్ల మీద నుంచి దానంతటదే దొర్లింది.

సంగతి ఇది. ఆరేళ్ల మా మనవరాలికి ఆటిజం ఉందని తిరుపతిలో డాక్టరు చెప్పారు. చిత్తూరు దగ్గర మా ఊరి బడిలో ఒకటో తరగతి చదువుతోంది. పెద్దవాళ్లెవరు గదిలోకి వచ్చినా పిల్లలంతా లేచి "గుడ్ మార్నింగ్ సార్" అని సాగదీసి, పైకప్పు ఎగిరేలా అరవడం ఆ బడి మర్యాద. ఆ అరుపుకి మా పిల్ల చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. తల బల్లకాలికేసి కొట్టుకునేది. ఒకసారి నుదురు చిట్లింది. అదే వారం విద్యాశాఖ ఆఫీసరు తనిఖీకి వస్తాడనగా, ముందు రోజు "రేపు పిల్లని పంపొద్దు. అట్లే వేరే బడి ఏదన్నా చూసుకోండి" అని టీచరమ్మ మా కోడలితో అంది. మాకు దగ్గరలో వేరే బడి లేదు. ఆ సాయంత్రం బడి వదిలాక నేనే వెళ్లాను.

"టీచరమ్మా, అది మొండితనం కాదు. డాక్టరు చీటీ సూపించినాం కదా" అన్నాను.

"చూసినాను పెద్దాయనా. మాకూ ట్రైనింగులో ఒక పూట చెప్పినారు. ఆటిజం అంటే మాట రాని బిడ్డలంట. మీ పిల్ల పద్యాలు గడగడా అప్పజెప్పతాది. నేను పిలిస్తే మాత్రం తల తిప్పదు. దీన్ని పొగరు అనక ఏమనాల?"

పొగరు అనేసరికి నా ఒళ్లు మండింది. నోరు ఆగలేదు.

"నేనెవరనుకుంటాండావమ్మా? విద్యాశాఖలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరైనోణ్ణి. ఇట్లాంటి బిడ్డల్ని వందమందిని సూసినా. రేపు వచ్చే ఆయన నా దగ్గర పని నేర్చుకున్నోడే!"

ఆమె మొహం పాలిపోయింది. గెలిచాననుకున్నాను. ఆమె కుర్చీ తెచ్చి వేసి, నా ముందు నిలబడింది.

"అయితే మీరే చెప్పండి సార్. ఆ బిడ్డ తల కొట్టుకుంటాంటే పట్టుకునేదానికి పోతాను. పట్టుకుంటే ఇంకా అరస్తాది. ఏం చేస్తే ఆపుతాది?"

ఏదో ఒకటి కల్పించడం నాకు కష్టం కాదు. కానీ నేనేం చెబితే రేపు ఆమె అదే చేస్తుంది. దెబ్బ తగిలేది నా మనవరాలి తలకి.

"అబద్ధమమ్మా. నేను తిరుమల ఘాట్ బస్సులో కండక్టరుగా చేసినోణ్ణి. నాకూ తెలీదు. మేమూ శానా దినాలు మొండిదనే అనుకున్నాం."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. పిల్లల బల్ల మీద కూర్చుంది.

"ఇంట్లో ఎప్పుడు ఇట్లా చేస్తాది?"

బడిలో ఆ మాట అడిగినవాళ్లు అంతవరకు లేరు.

"కుక్కర్ కూత పెడితే. కోడలు ముందే చెప్పి పెడితే మాత్రం, చెవులు మూసుకోని గమ్మున నిలబడతాది."

"అయితే రేపు పిల్లోళ్లని అరవనీను. తీసుకరాండి."

"ఆఫీసరు ఏమన్నా అంటే?"

"నేను పడతాను లెండి."

మర్నాడు కిటికీ బయట ఊచలు పట్టుకుని నిలబడ్డాను. తనిఖీ ఆయన లోపలికి వచ్చాడు. పిల్లలు లేచి చప్పుడు లేకుండా చేతులు జోడించారు. వెనక నుంచి ఒకడు అలవాటు కొద్దీ "గుడ్..." అని అందుకున్నాడు. మా పిల్ల చేతులు చెవుల మీదికి పోయాయి. మోకాళ్లు వంగాయి. టీచరమ్మ పెదవి మీద వేలు పెట్టింది. వాడు మిగతా మాట మింగేశాడు.

"ఏం మేడం, మీ పిల్లోళ్లకి నోరు లేదా?"

"ఒక బిడ్డకి అరుపు పడదు సార్."

"ఎవరా బిడ్డ?"

ఆమె వేలు చూపించలేదు. "మా క్లాసు బిడ్డే సార్" అంది.

ఆయన బోర్డు వైపు నడిచాడు. మా పిల్ల చెవులు మూసుకుని, గోడ వైపు చూస్తూ, నిలబడే ఉంది.

సాయంత్రం టీచరమ్మ గేటు దగ్గర ఆగింది. "రేపు పిల్లతో పాటు మీ కోడల్ని కూడా రమ్మనండి. ఇంట్లో సంగతులు ఇంకా అడగాల. మీరు మాత్రం రావొద్దు ఆఫీసరు తాతా."