ఈరప్ప విన్న ఓవరు

ఆలూరు పక్క పల్లెల్లో ఉత్త ఈరప్ప అంటే ఎవరికీ తెలీదు. మైకుసెట్టు ఈరప్ప అంటే మాత్రం "ఓ, ఆయప్పనా! గొంతంటే అదప్పా గొంతు!" అంటారు. పెండ్లయినా జాతరయినా దసరాకు ఊర్ల మధ్య పెట్టే క్రికెట్ పోటీలయినా, సైకిలు వెనక పెట్టె కట్టుకోని, హారన్లు భుజాన ఏసుకోని ఆయన రావల్సిందే. ఆయన మైకు పట్టుకుంటే ఆడేటోళ్ళ కన్నా చెప్పేటోనికే చప్పట్లు ఎక్కువ పడేవి.

ఆ విద్య ఆయనకు రేడియో నేర్పింది. సాయిబుల వీధిలో పెరిగినోడు గదా, హిందీ కామెంటరీ తెలుగంత సులువుగా అర్థమయ్యేది. ఆ రేడియోలో చెప్పే మహానుభావులు ముందు ఆకాశం చెప్పేవాళ్ళు. మబ్బుందా, ఎండుందా, జెండా ఎటు ఎగరతాండాది, బౌలరు ఏ పక్కనుంచి వస్తాండాడు. అదంతా అయినాకనే బంతి. విన్నోనికి మైదానం కండ్ల ముందర ఉన్నట్టే. ఈరప్పా అట్లే చెప్పేవాడు. మబ్బు పట్టి, గాలి అడ్డం తోలితే బంతి వంకర తిరుగుతాదని పల్లెటూరి పిలగాండ్లకు తెలిసింది ఆయన నోటి చలువతోనే.

ఇప్పుడు ఆయనకు కండ్లు లేవు. కంటినరం ఎండిపోయిందని కర్నూలు డాక్టరు చెప్పినాడు, ముందే రావల్సింది గదా అని గదమాయించినాడు కూడా. ముందే ఎవడు పోతాడప్పా, ఒక కన్నన్నా కనపడ్తాంటే? మైకుసెట్టు మొదలే డీజేలోళ్ళ దెబ్బకు మూలన పడింది. మిగిలింది టీవీ, కొడుకు వీరభద్ర.

వీరభద్ర ఫాస్టు బౌలరు. నల్లరేగడి బీడులో ఎగిరెగిరి వేసి నేర్చుకున్నోడు. పొద్దున చేన్లో పని, సాయంత్రం బంతి, ఎండాకాలమొస్తే తల్లి సిద్దమ్మతో గుంటూరు దిక్కు మిరపకోతకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేది. చిన్నప్పటి నుంచి తండ్రీకొడుకులకు ఒక అలవాటు. ఆట అయిపోయినాక ఇంటి ముందు కట్టమీద కూచోని కొడుకు అడుగుతాడు, "నాయనా, ఎట్ల వేసినా?" తండ్రి మైకులో చెప్పినట్టే ఒక్కొక్క బంతీ మళ్ళా చెప్తాడు. ఆఖరి బంతి చెప్పి కొడుకు మోకాలి మీద చేత్తో ఒక్కటి కొడతాడు. అది వింటేనే వానికి కడుపు నిండేది.

ఈ ఏడు వాన్ని రాష్ట్రం లీగులో తీసుకున్నారు. తీసుకున్నారనే పేరే గానీ, ఆడినోళ్ళకు నీళ్ళందియ్యడమే పని. ఇట్లుండగా కడపలో మ్యాచికి ఎవనికో జ్వరమొచ్చి వీని పేరు పలికినారు. ఫోను చేసినాడు. "నాయనా, రేపు నేను ఆడతాండా. బాగా వేస్తే వచ్చే ఏడు మళ్ళా పిలుస్తారంట. లేకుంటే సుగ్గే. టీవీలో తెలుగులో చెప్తారు, నువ్వు బాగా విను. నేనొచ్చినాక ఎట్ల వేసినానో నువ్వే చెప్పల్ల." "చెప్తాలే అప్పా" అన్నాడు ఈరప్ప.

మ్యాచినాడు మధ్యాన్నానికే పక్కింటి ఓబుళేశు వాకిట్లో పందిరేసి పెద్ద టీవీ పెట్టినాడు. ఊరంతా ఆడనే. ఓబుళేశు వచ్చి పిలిచినాడు. "రా మామా, నీకు ముందర కుర్చీ ఏసినా."

"మీరు ఈలలేస్తాంటే నాకు యాడ వినపడ్తాదిరా? మీకు కండ్లుండాయి, మీరు చూడండి. నాకుండేది చెవులే. నన్ను నా ఇంట్లో విననీండి."

"నేనన్నా పక్కన ఉంటాలే" అన్నాది సిద్దమ్మ.

"నువ్వుండి ఏం చేస్తావే? నీకు బ్యాటేదో వికెట్టేదో తెలీదు. మధ్యలో ఏదో ఒకటి అంటావు, నాకు మాట తప్పిపోతాది. టీవీలో చెప్పేటోళ్ళు చదువుకున్నోళ్ళు, ఆడినోళ్ళు. పో, నువ్వు పోయి నీ కొడుకును చూసుకో పో."

అట్ల తోలేసినాడు అందర్నీ. చూడండి మరి, ఒక్క మనిషిని పక్కన ఉంచుకోని ఉంటే ఏం పోయె! రేడియో మీద ఉండే నమ్మకం తీసకపోయి టీవీ మీద పెట్టినాడు పిచ్చి మారాజు.

టీవీలో "నమస్కారం కడపా!" అని ఒకాయప్ప గొంతు చించుకున్నాడు. ఇంగ మొదలు. "ఎండ మామూలుగా లేదు బాస్, పిచ్ మీద ఆమ్లెట్ వేసుకోవచ్చు!" "మనం ఏసీలో ఉన్నాం కాబట్టి సరిపోయింది లెండి!" నలుగురూ ఒకటే పకపకలు. కడప కారందోసె ఎట్లుంటాదో ఒకడు, గోంగూర మటన్ ఎట్లుంటాదో ఒకడు. బంతి బ్యాటుకు తగిలిన చప్పుడు వస్తాంది, జనం అరిచేది వస్తాంది, ఆ బంతి యాడికి పోయిందో చెప్పే దిక్కు లేదు.

"ఎండ సంగతి సరేప్పా, గాలి ఎటుండాది?" అని ఈరప్ప టీవీని అడిగినాడు. చెప్పేదెవరు? బొమ్మ కనపడ్తాండాది గదా, ఇంగ చెప్పేదేముందిలే అని వాళ్ళ ధీమా. వాళ్ళ నోర్లు పడిపోను, కనపడనోడు కూడా ఒకడు వింటాంటాడని అనుకోవద్దా?

కొంచేపటికి ఒకడన్నాడు, "మబ్బులు కమ్ముతున్నాయి, వాన పడితే మనకి పకోడీలే!" ఈరప్ప గబుక్కున నిటారుగా కూచున్నాడు. మబ్బు పట్టిందంటే బంతి తిరుగుతాది. బంతి తిరుగుతాదంటే మావానికే ఇస్తారు. ఆయన అనుకున్నట్టే అయింది. "కొత్త కుర్రాడు వీరభద్ర వస్తున్నాడు, పేరులోనే ఊపుంది బాస్!" ఈరప్ప లేచి నిలబడినాడు.

మొదటి బంతి. "అబ్బబ్బబ్బ! ఏం పడిందిరా బాబూ!"

ఎట్ల పడింది? లోపలికొచ్చిందా, బయటికి పోయిందా? బ్యాటుకు తగిలిందా, తగల్లేదా? ఒక్క ముక్క చెప్పలేదు. అంతలోకే "మన కామెంటరీ బాక్సులోకి ఎవరొచ్చారో చూడండి!" అని సంబరం. ఎవరో సినిమా హీరో. కొత్త సినిమా విడుదలంట. గండికోటలో పాట తీస్తాంటే వాన పడిందంట, హీరోయిన్ తడిసిపోయిందంట, ఆ కత మొదలుపెట్టినాడు. పక్కింట్లో జనం "హో" అని లేచినారు, ఉన్నట్టుండి "అయ్యో" అన్నారు, గప్‌చిప్ అయిపోయినారు. క్యాచు వదిలేసినాడేమోలే ఎవడో, అనుకున్నాడు ఈరప్ప. టీవీలో సిమెంటు యాడ్ వచ్చింది. యాడ్ అయినాక కూడా హీరో వాన నిలవలేదు. ఆ మాటల వెనక బంతి చప్పుళ్ళు మాత్రం వినపడినాయి, టక్కు, టక్కుమని. ఆఖర్న ఒకడు గుర్తుకొచ్చినట్టు, "ఈ ఓవర్లో రెండే పరుగులు, అదరగొట్టేశారు!" అన్నాడు.

రెండే పరుగులు! ఈరప్ప ఒక్కడే ఇంట్లో నిలబడి చప్పట్లు కొట్టినాడు. ఇంగ కాసేపటికే నిజంగా వానొచ్చింది. "పాడు వాన, ఆట చెడగొట్టింది" అని టీవీలోళ్ళు తిట్టినారు. ఆలూరు పక్క వాన కోసం మొగం వాచిపోయి ఉండాము, వీళ్ళకు పాడు వానంట! మ్యాచి రద్దయింది.

సిద్దమ్మ ఇంటికొచ్చింది. ముక్కు ఎగబీలుస్తాంది.

"ఏడుస్తాండావేమే పిచ్చిదానా? రెండే పరుగులిచ్చినాడు నీ కొడుకు!"

ఆమె స్తంభం పట్టుకోని నిలబడిపోయింది. ఆ మొగంలో సంతోషం చూసినాక ఏం చెప్తాది? "వాడు రానీలే, వాడే చెప్తాడు" అన్నాది.

"వాడు చెప్పేదేంది? నేను చెప్పల్ల వానికి!"

ఆ సాయంత్రమంతా ఈరప్ప తనలో తనే గొణుక్కుంటా ఓవరు కట్టుకున్నాడు. టీవీ చెప్పకపోతే ఏం, కొడుకు ఎట్ల వేస్తాడో తనకు తెలీదా?

మరుసటి రోజు వీరభద్ర ఓబుళేశు ఆటోలో దిగినాడు. కాలు ఈడ్చుకుంటా వచ్చే చప్పుడు విని ప్రయాణం అలసటలే అనుకున్నాడు తండ్రి. "రాప్పా, కూచో" అని కట్టమీద పక్కన చోటు తట్టి, గొంతు సవరించుకున్నాడు. కొడుకు నోరు తెరిచేలోపలే మొదలుపెట్టినాడు.

"ఆకాశం నిండా మబ్బులు. గాలి కడప పాలకొండల పక్కనుంచి అడ్డం తోలతాండాది. బంతి పట్టుకోని వస్తాండాడు మన వీరభద్ర..."

ఎన్నాళ్ళకు విన్నారు ఆ గొంతు! వీధిలో పోయేటోళ్ళు నిలబడినారు. ఒకటో బంతి లోపలికి కోసింది, రెండోది బయటికి పోయింది, మూడోది ఎగిరి ఛాతీ మీదికొచ్చింది. నాలుగో బంతికి సిద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకోని లోపలికి పోయింది. ఓబుళేశు తల వంచుకున్నాడు. అయిదోది యార్కరు. ఆరోది వికెట్టును వెంట్రుకవాసిలో తప్పింది. "ఓవరు ఖతం! పరుగులు రెండే రెండు!" అని ఈరప్ప ఎప్పట్లాగే కొడుకు మోకాలి మీద కొట్టినాడు.

చెయ్యి పోయి కొయ్య లాంటి కట్టు మీద పడింది. తొడ నుంచి పిక్క దాకా తడుముకుంటా పోయినాడు.

"ఇదేందిరా?"

"మోకాలు నాయనా. రెండో బంతికే తిరిగిపోయింది. మిగిలినవి వేరేవాడు ఏసినాడు. ఆపరేషన్ చెయ్యల్లంట. చేసినా ఇంగ పరిగెత్తి వేసేది కాదంట."

"టీవీలో చెప్పలేదురా" అన్నాడు ఈరప్ప. చెయ్యి ఆ కట్టు మీదనే ఉండిపోయింది. "ఆ సినిమాయప్ప ఏందో చెప్తాండె."

వీరభద్ర కట్ట మీద ఇంకొంచెం దగ్గరికి జరిగినాడు.

"పోనీలే నాయనా. నేను సరిగ్గా వేసింది ఆ మొదటి బంతి ఒక్కటే. అదన్నా మళ్ళా ఒకసారి చెప్పు."

ఈరప్ప నోరు తెరిచినాడు. "గాలి..." అన్నాడు.

"గాలి ఎటుండెనో నాకు తెలీదురా" అన్నాడు.