ఆగని చూపుడువేలు

మా ల్యాబులోని సీనియర్ అక్క అనగానే నాకు ఆమె చూపుడువేలే గుర్తొస్తుంది. మైక్రోస్కోపులో గుండెకణాలను చూస్తూ, అవన్నీ కలిసి కొట్టుకునే లయకు ఆ వేలితో బల్లమీద తాళం వేసేది. గన్నేరు నుంచి తీసిన మందు చుక్క వేశాక కణాలు తలోదారి పట్టేవి. వేలు ఆగిపోయేది.

"ఒకదాని మాట ఒకదానికి ఇనబడ్డం నేదే," అనేది.

నౌపడ ఉప్పుమళ్లలో పనిచేసే వాళ్ల నాన్న, మోకాళ్లకు పూసుకోమని ఊళ్లో ఎవరో ఇచ్చిన గన్నేరువేరు కషాయాన్ని తాగే మందనుకుని తాగేశాడు. ఆసుపత్రికి నేనూ వెళ్లాను. మానిటర్ మీద గీతలు అడ్డదిడ్డంగా పోతున్నాయి.

"నువ్వు సదివింది ఇదే గదే, ఏటవుతాదో సెప్పు," అంది వాళ్లమ్మ.

అక్క, ఆయన గుండెకు నేర్పుతున్నట్టు మంచం కమ్మీ మీద తాళం మొదలుపెట్టింది.

మానిటర్ మీద గీత తిన్నగా సాగిపోయింది. ఈసారి వేలు ఆగలేదు.