పెరట్లో చోళవరం

అల్లాబక్ష్ చిచ్చా మా పెరట్లో ఇటుకలు పేర్చడం మొదలుపెట్టిన రోజు, ఆయనేదో గోడ కడుతున్నాడని అనుకున్నాం. ఇటుకలు మావే. సగం కాలినవి, ఎప్పటినుంచో మూలన పడి ఉన్నాయి. చిచ్చా వాటిని ఒక్కొక్కటే తెచ్చి, నాలుగడుగులకొకటి చొప్పున వంకరలు తిప్పుతూ పెట్టుకుంటూ పోయాడు. బాదం చెట్టును చుట్టి, బావి పక్కనుంచి మళ్లించి, మళ్లీ తన షెడ్డు గుమ్మం దగ్గర కలిపాడు. తర్వాత చెప్పులు విడిచి ఆ ఇటుకల మధ్య నడవసాగాడు. నడుస్తూనే కుడికాలు నొక్కేవాడు, ఎడమకాలు నొక్కేవాడు, ఎడమ చేత్తో గాలిలో గేరు మార్చేవాడు.

"ఏందన్నా, బండి లేకుంటనే పెట్రోలు కాలవెడుతున్నవా?" అంది పాలమ్మే దేవమ్మ, గోడ మీద గడ్డం ఆనించి.

"చోళవరం పోతున్నక్కా."

"గా తొవ్వల నా బర్రె సుత పోతదా?"

"నీ బర్రె వస్తే ఇగ నాకు ప్రైజేడ వస్తది?"

చోళవరం మద్రాసు అవతల ఉంది. యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన బాట మీద ఇప్పుడు మోటారు పందేలు జరుగుతున్నాయి. సికింద్రాబాదులో బానెట్ ఎత్తి చెయ్యి నల్లగా చేసుకున్న ప్రతి మనిషికీ ఆ పేరు తెలుసు. చూసినవాళ్లు మాత్రం మల్కాజ్‌గిరిలో మా రైలు గేటు పక్కన ఒక్కరూ లేరు. చిచ్చా కూడా చూడలేదు.

మా నాన్న పేరు బ్రహ్మచారి. లారీలకు చెక్క బాడీలు కడతాడు. పెరటి చివరి షెడ్డులో చిచ్చా ఉండేవాడు. ఆయనతో పాటు ఒక ఎర్ర బండి, రెండే సీట్లది. పోలీసు చర్యకు ముందు ఆయన ఒక జాగీర్దారు ఇంట్లో మోటార్లు చూసేవాడు. ఆ సెప్టెంబరులో సైన్యం వచ్చిన రోజుల్లో ఈ బండిని గడ్డివాము కింద దాచి, దాని పక్కనే పడుకున్నాడట. రెండు నెలల తర్వాత ఆయన భార్య ఖమర్ బీ తన అన్నలతో కరాచీ వెళ్లిపోయింది. బండి యజమానికి అప్పజెప్పి వెనకే వస్తానని చిచ్చా చెప్పాడు. ఆయన తేరుకునేసరికి అప్పజెప్పడానికి జాగీర్దారే లేడు, ఊరొదిలి పోయాడు. కొంతకాలానికి ఆ బండి కాంట్రాక్టరు వీరయ్య చేతికి వచ్చింది. బండి వెంట చిచ్చా కూడా వచ్చి, దానికోసం వీరయ్య అద్దెకు తీసుకున్న మా షెడ్డులో చేరాడు. ఇదంతా నాన్న అమ్మతో చెబుతుంటే విన్నదే. చిచ్చా నోట ఖమర్ బీ పేరు నేనెన్నడూ వినలేదు. పండగనాడు కొత్త కమీజు వేసుకుని, నమాజు ముగించుకు వచ్చి, బండి పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. ఎవరింటికీ వెళ్లేవాడు కాదు.

వీరయ్యకు బండి నడపడం రాదు. తన బండి పందెంలో పరుగెత్తాలని మాత్రం మహా కోరిక. ఓ రోజు మా ముంగిట్లో నిలబడి తేల్చి చెప్పాడు.

"చూడు బక్షూ, పందానికి ముందు దినం మూడు చుట్లు తిరగనిస్తరట. మూడింట్ల ఒక్క తప్పు లేకుంట తిరిగి చూపెడితే పందెంల స్టీరింగు నీదే. లేదంటే ఆడ ఒక డ్రైవరును మాట్లాడి పెట్టిన. మళ్ల నన్ను అనొద్దు."

"జీ సాబ్," అన్నాడు చిచ్చా.

వీరయ్య వెళ్లాక నాన్న నవ్వాడు. "ఎందుకు భాయ్ గీ వయసుల ఈ పరేషాన్?"

"ఒక్కపారన్న దీన్ని దీని జోరుకు పోనియ్యాలె చారీ. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. ముందట కోడిపిల్ల వస్తే బ్రేకు, వెనక బేగం సాబ కసిరితే బ్రేకు. ఇగ దీనికి జోరు ఎట్ల తెలుస్తది, నాకెట్ల తెలుస్తది?"

ఆయన తన కోరిక ఒకటి నోరు తెరిచి చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పెరంబూరుకు బదిలీ అయిన యెషయా అనే పాత స్నేహితుడికి చిచ్చా కబురు పంపాడు. వారానికి ఉత్తరం వచ్చింది. తెలుగులో ఉంది. చిచ్చాకు ఉర్దూ తప్ప చదవడం రాదు. నేను సికింద్రాబాదు మిషను బడిలో ఆరో తరగతి దాకా చదివాను. సైన్యం వచ్చిన ఆ సెప్టెంబరులో బడి మూశారు. మళ్లీ తెరిచినప్పుడు నన్ను పంపే మాట ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు. అయినా కాగితమేది వచ్చినా నా చేతికే ఇస్తారు. తలుపు చాటున నిలబడి చదివాను. చిచ్చా గుమ్మం కింద నేల మీద కూర్చుని విన్నాడు.

"తమ్ముడు అల్లాబక్షుకు యెషయా వందనములు. ఆదివారం పోయి రెండు గంటలు నిలబడి చూసినాను. బయలుదేరు స్థలము నుండి మలుపులన్నీ వరుసగా వేరే కాగితముపై గీసినాను. నీవు కంఠతా పెట్టుకొనవలెను."

ఆ కాగితం మూరెడు పొడవు పట్టీ. దాని మీద వరసగా చిన్న చిన్న వంకర గీతలు, ఒక్కోదాని కొసన బాణం గుర్తు. ఒకటి ఎడమకు మెల్లగా వంగేది, ఒకటి కుడికి విరిగేది, ఒక చివరన గుర్రపునాడా లాంటిది. అంకెలు వేయలేదు. చిచ్చా దాన్ని షెడ్డు తలుపుకు అంటించాడు. ఇటుకలు పేర్చింది దాన్ని చూసే.

రోజూ పని ముగిశాక నడిచేవాడు. ఆదివారాలు వీరయ్య పెట్రోలు పోయించేవాడు. తెల్లవారకముందే చిచ్చా, నాన్న బండిలో కాప్రా చెరువు అవతలి మైదానానికి పోయి, సున్నంతో గీతలు గీసి తిరిగేవాళ్లు. నేను వంటింటి కిటికీలోంచి చూసీ చూసీ ఆ మలుపులు నాకూ వచ్చేశాయి. పది రోజులు గడిచేసరికి చిచ్చా కిందికి చూడటం మానేశాడు. ఆయన పాదాలే ఇటుకలను చూసుకునేవి.

ప్రయాణం గురువారమనగా, ముందు శుక్రవారం సాయంత్రం చిచ్చా గుమ్మంలో కూర్చుని ఉర్దూ పేపరు చదువుకుంటున్నాడు. అక్షరాల కింద వేలు కుడి నుంచి ఎడమకు జరుగుతోంది. కాసేపటికి పేపరు మడిచి లేచాడు. తలుపు మీది పట్టీ దగ్గరకు పోయి మలుపులు వల్లె వేసుకోసాగాడు. అదే వేలు. కుడి కొసన ఉన్న గుర్రపునాడా దగ్గర మొదలై ఎడమకు పోతోంది.

చేటలో బియ్యం ఏరుతున్న నా చెయ్యి ఆగిపోయింది. యెషయా తెలుగు రాసే మనిషి. ఎడమ నుంచి గీసి ఉంటాడు. చిచ్చా మొదటిదనుకుంటున్న మలుపు అక్కడ చివరిది. రెండు వారాలుగా ఆయన కాళ్లు ఆ బాటనంతా తలకిందులుగా నేర్చుకుంటున్నాయి.

ఆ రోజు చెప్పలేదు. ఏడేళ్లుగా ఒకే పెరట్లో ఉన్నా తలుపు చాటు లేకుండా ఆయనతో నేనొక్క మాట మాట్లాడి ఎరగను. ఆరో తరగతితో ఆగిపోయిన ఆడపిల్ల మోటారు సంగతి చెప్పడమేమిటని నాన్న అంటాడేమో. తప్పు నాదేనేమో కూడా. శనివారం బిందె పట్టుకుని బావి దగ్గర నిలబడ్డాను. చిచ్చా ఇటుకల మధ్య నుంచి వస్తూ నన్ను చూసి, దారి ఇవ్వడానికి పక్కకు తప్పుకున్నాడు. నేను బిందె నింపకుండానే ఇంట్లోకి వచ్చేశాను. ఆదివారం చీకటితో బండి స్టార్టయింది. కాప్రాకు వెళ్లడం అదే ఆఖరు. కిటికీ చువ్వలు పట్టుకుని, వెనక దీపం గేటు దాటేదాకా చూశాను.

సోమవారం సాయంత్రం నాన్న ఇంట్లో లేడు. షెడ్డు దాకా నడిచాను.

"చిచ్చా."

పిలిచిందెవరా అని ఆయన నా వెనక్కి చూశాడు.

"గా కాయితం... యెషయ్య ఎడమ దిక్కు నుంచి గీసిండు. మీరు కుడి నుంచి చదువుతున్నరు."

ఆయన వేలు కుడి కొసన పెట్టాడు. తీశాడు. ఎడమ కొసన పెట్టాడు.

"నాడా మొదలు కాదా?"

"ఆఖరుకు."

"పక్కానా బిడ్డా?"

"బయలెల్లిన కాడికెల్లి వరసగ అని రాసిండు. తెలుగు రాసేటోళ్ల వరస ఎడమ నుంచే ఉంటది చిచ్చా."

"యా అల్లా. గిన్ని దినాలు ఉల్టా నడిచిన్నా?" ఒక్కసారి నవ్వి, స్టూలు మీద కూలబడ్డాడు. "నాకన్న దేవమ్మ బర్రె నయం."

ఆ సాయంత్రమే ఇటుకలు తీసి, ఎడమ కొస నుంచి వచ్చే వరసలో మళ్లీ పేర్చి నడిచాడు. కానీ పాదాలు వినలేదు. మలుపు లేని చోట ఒళ్లు వంగేది. రెండో మలుపుకు ముందు తిన్నగా పోవాల్సిన చోట కుడికాలు దానంతటదే నేలను నొక్కేది. అప్పుడు అరచేత్తో తొడ మీద కొట్టుకుని మళ్లీ మొదటి నుంచి నడిచేవాడు. మూడు సాయంత్రాలు అదే చూశాను. గురువారం చిచ్చా బండిని వీరయ్య లారీలోకి ఎక్కించి, తనూ దాని పక్కనే ఎక్కి కూర్చున్నాడు.

పది రోజులకు తిరిగి వచ్చాడు. రైల్లో, సామాన్ల పెట్టె భుజాన పెట్టుకుని, ఒక్కడే. నాన్న చిత్రిక పట్టే రంద పక్కన పెట్టి ఎదురెళ్లాడు.

"బండేది భాయ్?"

"సాబ్ ఆణ్నే ఉంచిండు. ఇంకో పందెం ఉన్నదట."

"నువ్వు తిరిగినవా?"

"తిరిగిన. మొదటి చుట్టు సాఫ్. రెండోది ఇంక సాఫ్. మూడోదాన్ల, రెండో మలుపు ఇంక రాకముందే, కాలు బ్రేకు మీదికి పోయింది. బండి గిర్రున తిరిగి గడ్డిల పడ్డది." పెట్టె భుజం మీంచి దించాడు. "బండికి ఏం కాలే."

"వీరయ్య ఏమన్నడు?"

"ఏమంటడు? చెయ్యి చాపిండు. తాళం ఇచ్చిన."

"పందెమన్న చూసినవా?"

"చూసిన. మన బండి నాలుగోది వచ్చింది. నేను కంచె అవతల ఉంటి. ఏం జోరుగ పోయింది చారీ... ఏం పోయింది!"

అమ్మ పోసిచ్చిన చాయ్ నేనే తీసుకెళ్లాను. బండి లేని షెడ్డు చాలా పెద్దదిగా ఉంది. చిచ్చా నేల మీది నూనె మరక పక్కన కూర్చుని ఉన్నాడు. గ్లాసు అందుకుని అన్నాడు.

"నువ్వు చెప్పకుంటే మూడు చుట్లు సుత పాడైతుండె బిడ్డా."

వెనక్కి వచ్చేయాల్సింది. రాలేకపోయాను.

"నాకు శుక్రారమే తెలిసింది చిచ్చా."

గ్లాసు నోటి దాకా పోయి ఆగింది. "ఏ శుక్రారం?"

"మీరు పేపరు చదివిన నాడు. ఆదివారం మీరు కాప్రాకు పోయేటప్పుడు సుత తెల్సు."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. గేటు అవతల గూడ్సు బండి పోతోంది. అది పూర్తిగా పోయేదాకా ఆగాడు.

"ఎందుకు చెప్పలే?"

"భయమైంది."

"నేనంటనా?"

"కాదు. ఎన్నడు మాట్లాడలే గద."

ఆయన తలూపాడు. అవునన్నట్టో, మరెందుకో తెలియలేదు. చాయ్ తాగి, గ్లాసు తనే బావి దగ్గర కడిగి, మా మెట్టు మీద బోర్లించి లోపలికి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి నాన్న దగ్గర లారీ పనిలో చేరాడు. పొద్దున్నే చాయ్ పట్టుకుని, తలుపు దాటి, లారీ దాకా నేనే వెళ్లాను.

"చాయ్, చిచ్చా."

"ఆడ పెట్టు బిడ్డా," అన్నాడు, లారీ కింది నుంచి.