మన చేను

సురంగల్‌లో మా గట్టు పక్క రైతు ఎవరి చేనునైనా ‘మన చేను’ అనేవాడు. ఏటా ఆయన జొన్నే నా జొన్నకంటే ఏపుగా పెరిగేది కనుక ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

వానలు పడని ఏడు, సర్కారు శిస్తు మాఫీ చేస్తుందని రెవెన్యూ అధికారి గిర్దావరు పంటలు చూడవచ్చాడు.

“మన చేండ్లు రెండూ ఎండినయి సాబ్,” అన్నాడు గట్టు పక్కాయన.

“నాది ఎండలే. జర గిటు చూడుండ్రి,” అంటూ, ఆయన కళ్ళు కుట్టాలని గట్టు వెంట కడవలతో తడిపి బతికించిన నాలుగు సాళ్ళే చూపించాను.

మాఫీ ఆయనకే దక్కింది. శిస్తు కోసం నేను ఎద్దును అమ్ముకున్నాను.

తొలకరికి ఆయన తన ఎద్దును తోలుకొచ్చాడు. “మన ఎద్దే, కట్టుకో అన్న.”

కాడి కడుతూ కూడా, అది నేనమ్మిన దానికన్నా బలంగా ఉందనే కుళ్ళుకున్నాను.