ఇద్దరు బుచ్చయ్యలు

ఖమ్మం మిర్చి యార్డు ముందు ఆటో ఆగినప్పుడల్లా ఆ ఘాటుకు అందరూ ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. నాకు మాత్రం టేకులపల్లి అడవి అంచున మా నాయనమ్మ వాకిలి గుర్తొస్తుంది: ఒక పక్క ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, ఇంకో పక్క చాపల మీద మత్తుగా వాసనేసే ఇప్పపువ్వు, మధ్యలో చింతపండు గింజలు తీస్తూ నాయనమ్మ, ఆమె చుట్టూ తునికి పండ్లు చప్పరిస్తూ కచ్చకాయలాడే మేము.

ఆ వాకిట్లోనే ఆమె మాకు ఇద్దరు బుచ్చయ్యల సంగతి చెప్పేది. ఒకడు పటేల్ బుచ్చయ్య. గుర్రం మీద తిరుగుతూ, అడవిలో కొట్టిన టేకు దుంగల్ని ఊరివాళ్ల బండ్ల మీద వెట్టికి తోలించేవాడు. రోజులు మారగానే ఖద్దరు తొడిగి, సర్పంచ్ అయి, చచ్చేదాకా దండలు వేయించుకున్నాడు. రెండో ఆయన బండి బుచ్చయ్య, నాయనమ్మకు సొంత అన్న. తన చంటిబిడ్డ జ్వరంతో కాలిపోతోందని మొరపెట్టుకున్నా పటేల్ బండి కట్టించిన రోజున, ఆయన బాట మధ్యలో ఎద్దుల్ని విప్పి వదిలేశాడు. వెనకొచ్చే బండ్లవాళ్లూ విప్పేశారు. ఊళ్లో వెట్టి ఆ రోజుతో ఆగింది. ఆయన వీపు మాత్రం చింతబరికెలకు చిట్లిపోయింది. పటేల్ పెట్టించిన కేసులో జైలుకు పోయి తిరిగొచ్చాక మళ్లీ నిటారుగా నిలబడలేదు, ఎక్కువ కాలం బతకనూ లేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా పంద్రాగస్టుకు మా సారు నాకొక ఉపన్యాసం నేర్పించాడు. వెట్టి మాన్పించి జైలుకెళ్లిన మహానుభావుడు బుచ్చయ్య పటేల్ అని నేను వాకిట్లో గట్టిగా వల్లిస్తుంటే నాయనమ్మ చేతిలోని చింతపండు కింద పెట్టేసింది. మర్నాడు నా చెయ్యి పట్టుకుని బడికొచ్చింది.

"పేరైతే ఒకటే గదమ్మా. పిల్లలకు గంత వివరమెందుకు?" అన్నాడు సారు.

"పేరొక్కటే సారూ. ఒకని ఈపు పగిలింది, ఇంకొకడు పగలగొట్టించిండు. గది గూడ ఒక్కటేనా?"

సారు నా చేతిలోని కాగితం తీసుకున్నాడు. ఉపన్యాసం ఇంకో పిల్లకిచ్చాడు. జెండా కింద అందరూ చప్పట్లు కొడుతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. గోడ అవతల నిలబడ్డ నాయనమ్మ కళ్లల్లో నీళ్లు లేవు, నిప్పులున్నాయి.

పోయిన నెల ఊరి సెంటర్‌లో విగ్రహం లేచింది. తలపాగా, మీసాలు, చేతిలో కర్ర, అచ్చం పటేలే; కింద రాయి మీద మాత్రం వెట్టిబండ్లు విప్పించిన వీరుడు బుచ్చయ్య అని చెక్కారు. ఆవిష్కరణ ఏర్పాట్లు చూస్తున్న కుర్రాణ్ణి నిలదీశాను.

"ఫోటో ఉన్నది ఈయనదే మేడం. మీ బండి బుచ్చయ్యకు ఫోటో ఏది?" అన్నాడు.

"దెబ్బలు తినేటోని ఫోటో ఎవరు తీస్తరు తమ్మీ?"

అతను మొహం తిప్పుకుని, దండ సరిచేయమని ఎవరినో కేకేశాడు. నేను ఆ మాటే మైకు దగ్గరికెళ్లి చెప్పబోతే మైకు ఆపేశారు. మైకు లేకుండానే చెప్పాను. ముందు వరసలో కూర్చున్నవాళ్లు ఫోన్లు చూసుకున్నారు.

నా చిన్నతనంలో ఈ ఊళ్లో బుచ్చయ్య అంటే చాలు, పసిపిల్లలు కూడా "ఏ బుచ్చయ్య?" అని అడిగేవారు. ఇప్పుడు ఆ మాట అడిగేవాళ్లే లేరు.