అలలున్న సముద్రం కోసం

ఈ ఫిజీ దీవి విడిచి వెళ్లేలోగా దీని అంచులు ఒకసారి చూడాలని నా కోరిక. ఐదేళ్లు చెరకు తోటలో నడుం వంచి బతికినవాడికి చెరకు తప్ప ఏం కనబడుతుంది? నా గిర్మిట్, అంటే ఐదేళ్ల కూలి ఒప్పందం, ముగిసింది. ఇంకో ఐదేళ్లు ఇక్కడే ఉంటే సర్కారు తన ఖర్చుతో ఇంటికి పంపుతుందట. అంత ఓపిక నాకు లేదు. సొంత ఖర్చు మీదే పోతానని, చెరకు గానుగాట అయ్యాక బయల్దేరే ఓడకు పేరు ఇచ్చేశాను. మన రేవులో దిగేటప్పుడు కట్టుకోవడానికి తెల్ల పంచెల చాపు ఒకటి కొని దాచుకున్నాను కూడా. సింగటోకా నది సముద్రంలో కలిసే చోట ఇసుక కొండలున్నాయని చాలామంది చెప్పగా విన్నాను. అటు పోదామనుకున్నాను.

ఒక్కణ్ణే పోదామనుకున్నాను గానీ నర్సమ్మ పోనివ్వలేదు. నర్సమ్మ, ఆమె మొగుడు సన్యాసి, నేను ఒకే ఓడలో వచ్చినవాళ్లం. వాళ్లది విశాఖపట్నం వైపు, నాది నెల్లూరు వైపు. నడిసముద్రంలో గాలివాన పట్టుకున్న రోజే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ బతికితే పుట్టువెంట్రుకలు నీకే ఇస్తానని నర్సమ్మ గంగమ్మ తల్లికి మొక్కుకుంది. పిల్ల బతికింది. గంగ అని పేరు పెట్టారు. ఇప్పుడు దానికి ఐదేళ్లు దాటాయి, తల మీద ఇంతవరకు కత్తెర పడలేదు. జుట్టు నడుం దాకా దిగి అక్కడక్కడ జడలు కట్టింది.

ఇందులో తమాషా ఏమిటంటే సన్యాసి పుట్టుకతో మంగలి. ఆదివారం వస్తే కూలి లైన్లలో సగం తలలు అతని చేతి కిందే ఉంటాయి. ఇంట్లో పిల్ల తల మాత్రం బైరాగి తలలా ఉంటుంది.

మొక్కు ఇన్నాళ్లు ఆగడానికి కారణాలు రెండు. మా తోట ఉన్న నవాకాకు దగ్గర్లో సముద్రమంతా మడచెట్లు, బురద. అలలు లేని నీళ్లలో గంగమ్మ ఉండదని నర్సమ్మ నమ్మకం. రెండోది, మొదటి కత్తెర వేయవలసింది మేనమామ. ఆమె తోడబుట్టినవాడు సముద్రానికి అవతల ఉన్నాడు.

"నువ్వు నా ఓడ అన్నవి కావేటి? గుంటని ఒళ్లో కూకోబెట్టుకుని నాలుగు ఎంట్రుకలు కత్తిరిస్తే సాలు" అంది.

"చూద్దాంలే" అన్నాను. అవుననీ కాదు, కాదనీ కాదు. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక దులుపుకుని లేచిపోయే చుట్టరికం కాదది. పండక్కి బట్టలు పెట్టాలి, కష్టానికి నిలబడాలి, పెళ్లినాడు బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావాలి. నాలుగు నెలల్లో ఓడ ఎక్కేవాణ్ణి నేనేం మోస్తాను?

నవాకా నుంచి తెల్లవారకముందే నడక మొదలుపెట్టి నంది ఊళ్లో మిల్లు రైలు అందుకున్నాం. ఇది చెరకు మోసే బుల్లి రైలే. వారానికి రెండు రోజులు మనుషుల కోసం బల్లలు వేసిన పెట్టెలు తగిలిస్తారు. టిక్కెట్టు లేదు, ఊరికే ఎక్కవచ్చు. ఊరికే వచ్చినదానికి తగ్గట్టే ఉంటుంది. పక్కలకు గోడలు లేవు. ఇంజను నుంచి నిప్పురవ్వలు ఎగిరి బట్టల మీద పడతాయి. ఈ దారిన వచ్చేవారు మంచి బట్టలు మూటలోనే ఉంచుకోవడం మేలు. నా కొత్త చాపు నా మూటలోనే ఉంది. మేనమామ కొత్త బట్ట కట్టుకుని కూర్చోవాలని నర్సమ్మ గట్టిగా చెప్పి తెమ్మంది. తెచ్చాను గానీ కట్టుకుంటానని మాట ఇవ్వలేదు.

ఎదుటి బల్ల మీద ఉత్తరాది ముసలాయన ఒకడు గంగ జుట్టును, సన్యాసి మంగలి పొదిని మార్చి మార్చి చూశాడు.

"ఏం భాయ్, మంగలి బిడ్డకే ఈ జడలా?" అని హిందుస్తానీలో నవ్వాడు.

"కత్తి నాదే బాబూ. మొదటి కత్తెర నాది కాదు" అన్నాడు సన్యాసి.

"ఇదుగో, మేనమామ ఇక్కడే కూకున్నాడు" అని నర్సమ్మ నన్ను చూపించింది. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. కొండలు ఎండిన గడ్డితో పచ్చగానూ కాక ఎర్రగానూ కాక ఉన్నాయి. మధ్యలో చెరకు, మళ్లీ కొండలు.

చద్దన్నం, మామిడికాయ పచ్చడి రైల్లోనే తిన్నాం. మధ్యాహ్నం దాటాక లైను సముద్రం ఒడ్డుకు వచ్చింది. థువు అనే చోట ఇంజనుకు నీళ్లు పట్టడానికి చాలాసేపు ఆగింది. దిగి చూశాం. ఇంత అందమైన రేవు నేను చూడలేదు. తెల్లటి ఇసుక, వంగిన కొబ్బరిచెట్లు, మోకాటి లోతు నీళ్లలో నీలం చేపలు. పగడపు గట్టు చాలా దూరాన ఉంది. కెరటాలు అక్కడే విరిగి, ఒడ్డుకు వచ్చేసరికి నీరు నిద్రపోతున్నట్టు ఉంటుంది. చూడవలసిన చోటు. ఎవరైనా వస్తే ఒక పూట ఇక్కడ ఉండమని నా సలహా.

నర్సమ్మ కాలితో నీళ్లు కదిపి చూసింది. "ఇది సెరువు. సంద్రం ఇలాగుంటాదేటి?" అని తిరిగొచ్చి రైలెక్కింది. తర్వాత కనిపించిన రెండు రేవులనూ బల్ల మీద నుంచే కొట్టిపారేసింది.

సాయంత్రం సింగటోకా చేరాం. గిర్మిట్ తీరి చెరకు కౌలుకు చేసుకుంటున్న తమిళాయన ఒకడు తన వంటపాకలో చోటిచ్చాడు. అన్నం, కొబ్బరిపాలు పోసిన ఆకుకూర పెట్టాడు. పడుకునేటప్పుడు దూరాన ఏదో హోరు వినబడింది. నర్సమ్మ లేచి కూర్చుంది. "ఇన్నావా అన్నియ్యా? మన భీమిలి సంద్రంలాగే ఉంది." చీకట్లో ఆమె ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

తెల్లవారి ఎండెక్కకముందే నడిచాం. ఇసుక కొండలు నిజంగా కొండలే. తెల్లవి కావు, బూడిద రంగు. తాటిచెట్టు మీద తాటిచెట్టు నిలబెట్టినా అందదు. ఒక అడుగు ఎక్కితే అర అడుగు జారుతుంది. గాలికి ఇసుక లేచిన చోట పాత కుండపెంకులు బయటపడి ఉన్నాయి. సన్యాసి ఒకటి తీయబోతే "వొగ్గేయ్, ఎవరింటి కుండో" అని నర్సమ్మ కసిరింది. కొండ ఎక్కేసరికి అవతల సముద్రం కనబడింది. ఇక్కడ పగడపు గట్టు లేదు. నది నీళ్లు తగిలే చోట పగడం పెరగదని తమిళాయన చెప్పాడు. అందుకే అలలు తిన్నగా ఒడ్డు మీదికే వచ్చి విరుగుతున్నాయి. నర్సమ్మ పిల్లను చంకనెత్తుకుని ఆ ఇసుకలో పరుగెత్తింది.

ఒడ్డున ఒక గుంజ పాతి ఉంది. దానికి లేత కొబ్బరాకులు అల్లి కట్టారు. మన కళ్లకు అది ఎలా కనబడుతుందో చెప్పనక్కర్లేదు. "సూసేవా, తల్లికి ఇక్కడ కూడా తోరణం కట్టినారు!" అంటూ నర్సమ్మ కొంగున ఉన్న పసుపుకొమ్ముల్లో ఒకటి రాయి మీద అరగదీసి గుంజకు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. నాకూ అనుమానం రాలేదు. సన్యాసీ నేనూ కూడా దండం పెట్టుకున్నాం.

కేకలు వినబడ్డాయి. ఫిజీ ఊరివాళ్లు ముగ్గురు పరుగున వస్తున్నారు. ముందున్న పెద్దాయన గుంజను చూసి నిలబడిపోయాడు. మిల్లులో పనిచేసినవాడు కాబోలు, కొంచెం హిందుస్తానీ వచ్చు. వాళ్ల ఊళ్లన్నిటికీ పెద్ద అయిన దొర చనిపోయాడట. నూరు రాత్రులు గడిచేదాకా ఆ గుంజ నుంచి పడమరగా ఉన్న సముద్రంలో ఎవరూ దిగకూడదు, చేప పట్టకూడదు. గుంజ అందుకు గుర్తు. చావు గుర్తుకు మేం పూజ చేశాం.

నర్సమ్మ ముఖం పాలిపోయింది. నేను చేతులు జోడించి వచ్చిన పని చెప్పాను. మొక్కు, ఓడ, పిల్ల జుట్టు. ఆయన పిల్లను పరీక్షగా చూశాడు.

"జుట్టు కోసేది ఎవరు? తండ్రా?"

సన్యాసి తల అడ్డంగా ఊపాడు. నర్సమ్మ నన్ను చూపించడానికి చెయ్యి ఎత్తి, సగంలో దించేసింది. నిన్నంతా ఊరూపేరూ తెలియనివాళ్లకు కూడా చూపించిన మనిషి, అసలు సమయానికి నా మీద బలవంతం పెట్టలేకపోయింది.

పెద్దాయన నా వైపు తిరిగాడు. "మోమో?"

ఆ మాట నాకు తెలుసు. వాళ్ల భాషలో తల్లి తోడబుట్టినవాడు. కాదంటే మూట సర్దుకుని రైలుకు పోవచ్చు. మర్యాదగానే పంపేస్తారు. పిల్ల జడలు అలాగే ఉంటాయి, నాలుగు నెలల్లో నా ఓడ వస్తుంది.

"అవును. మోమోని" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. అక్కడే ఇసుకలో చతికిలబడ్డాడు. వాళ్లలోనూ తల్లి అన్నదమ్ములంటే అంత పట్టింపేనట. పిల్ల మోమో ఇంట్లో ఏది అడిగినా కాదనకూడదు, అడక్కుండా తీసుకున్నా కిమ్మనకూడదు. గంగను పిలిచి నన్ను చూపిస్తూ "ఇతని దగ్గర ఏం కావాలన్నా నీదే" అని నవ్వాడు. నిషేధం గుంజకు పడమరనే, నది వైపు దిగవచ్చు అన్నాడు. ఊరి అనుమతికి, వాళ్లు దంచి నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా వేరు ఇవ్వడం ఆచారం, మా దగ్గర లేదు. నర్సమ్మ పిల్ల గుండుకు ఒకటి ఉంచుకుని మిగిలిన పసుపుకొమ్ములు ఇచ్చింది. ఆయన వాసన చూసి, తమ ఆడవాళ్లు బాలింతకు పూస్తారని చెప్పి దాచుకున్నాడు. గుంజ మీది పసుపు మాత్రం తుడవనివ్వలేదు. "మా దొరకు రంగులంటే ఇష్టమే" అన్నాడు.

నది సముద్రంలో కలిసే ఇసుక మొన మీద కూర్చున్నాం. ఒకపక్క ఏరు, ఎదురుగా అలలు. కొత్త చాపు మూటలోంచి తీయలేదు. పాత పంచెతోనే కూర్చున్నాను. నర్సమ్మ చూసి, పిల్లను నా వైపు నడిపించింది. గంగను ఒళ్లోకి తీసుకుని కత్తెర పట్టుకున్నాను. ఐదు చోట్ల కత్తిరించాను. తర్వాత సన్యాసి కత్తి అందుకున్నాడు. వేల తలలు గొరిగిన ఆ చెయ్యి పిల్ల తల మీద ఎంతో నెమ్మదిగా నడిచింది. జుట్టును ఆకులో పెట్టి నర్సమ్మ నదిలో వదిలింది. నది దాన్ని తీసుకుపోయి అలలకు అప్పజెప్పింది. నున్నటి గుండుకు పసుపు పూశారు.

మళ్లీ రైలు రోజు వచ్చేదాకా, రోజూ గుండుకు పసుపు పూస్తూ, తమిళాయన పాకలోనే ఉన్నాం. తిరుగు రైల్లో మబ్బు పట్టి చల్లటి గాలి కొట్టింది. నర్సమ్మ నాతో మామూలుగానే మాట్లాడుతోంది. థువు దగ్గర మాత్రం, "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య అంటారు. నువ్వు అలాగ సెయ్యలేదు. మొక్కు తీరిపోయింది. నువ్వు నిమ్మళంగా ఎల్లిరా అన్నియ్యా" అంది. మనస్ఫూర్తిగానే అంది. నాకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది.

ఈ యాత్ర గురించి చెప్పవలసింది ఇంతే. థువు రేవు అందానికి చూడాలి, ఇసుక కొండలు సముద్రం కోసం చూడాలి. ఒడ్డున ఆకులు కట్టిన గుంజ కనబడితే దండం పెట్టేముందు ఎవరినైనా అడగాలి.

నంది ఇంకా చాలా దూరం ఉండగా గంగకు గుండు మీద చలివేసింది. లేచి నా మూట విప్పింది. కొత్త చాపు లాగి తలకు, భుజాలకు చుట్టేసుకుంది. "అడక్కుండా తియ్యకే!" అని నర్సమ్మ గదమాయించింది.

"ఆ తాత సెప్పినాడు, మామవి నావేనని" అంది గంగ.

సన్యాసి లాగబోతే వద్దన్నాను. పిల్ల నా ఒళ్లోనే నిద్రపోయింది. నందిలో దిగేసరికి చాపు నిండా పసుపు అంటింది, రెండు చోట్ల నిప్పురవ్వలు చిల్లులు పెట్టాయి. నర్సమ్మ కంగారుపడి ఉతికి ఇస్తానంది.

"పసుపు మరక పోదు. దాన్ని కత్తిరించి గంగకు పరికిణీ కుట్టు. రేపు పోయి ఓడ జాబితాలో నా పేరు కొట్టించేసి వస్తాను" అన్నాను.